రాత్రి ఉలిక్కిపడి పంజరంలో కొట్టుకునే కాకటీల్: మందు వద్దు, సాయంత్రం మార్చండి

పాలకొల్లు దగ్గర పల్లె నుంచి ఒక చెల్లెమ్మ అడిగారు. వాళ్ళింట్లో 8 నెలల కాకటీల్, అదే తలమీద జుట్టుండే చిన్న చిలుక జాతి పక్షి, ఉంది, ఒక్కటే. పంజరం హాల్లో టీవీ పక్కన ఉంటుంది. అబ్బాయి పదో తరగతి, రాత్రి 11 దాకా ఆ హాల్లోనే చదువుకుంటాడు. అప్పుడు లైటు ఆపేసి పంజరం మీద దుప్పటి కప్పుతారు. వారానికి రెండు మూడుసార్లు, ఒంటిగంటకీ రెండింటికీ మధ్య, అది ఒక్కసారిగా రెక్కలు కొట్టుకుంటూ పంజరమంతా గుద్దుకుంటోంది. ఒకసారి రెక్క దగ్గర రక్తం కూడా వచ్చింది. దుప్పటి మందంగా వేసినకొద్దీ గోల ఎక్కువవుతోంది. పగలేమో కునికిపాట్లు, దగ్గరికెళ్తే కొరకడం. ఇంటి వెనక రొయ్యల చెరువులున్నాయని కూడా రాశారు. పక్షులమ్మే షాపులో నిద్రకి చుక్కల మందు ఉందన్నారట, వెయ్యొచ్చా అని అడిగారు.

చెల్లెమ్మా, ముందు మందు సంగతి. వెయ్యకండి. కాకటీల్ మొత్తం బరువే 80 నుంచి 120 గ్రాములు. మన కంటికి ఒక్క చుక్కే అయినా దాని ఒంటికి అది పెద్ద మోతాదు. పైగా మత్తులో ఉన్న పక్షి కర్రని గట్టిగా పట్టుకోలేదు, కింద పడుతుంది. పేరు లేని సీసాలో ఏముందో అమ్మేవాళ్ళకే తెలియదు. మనుషుల దగ్గు మందు, నిద్రమాత్ర ముక్క, ఇలాంటివి ఎవరు చెప్పినా వినకండి.

నేను అమలాపురం దగ్గర 20 ఏళ్ళ పైనుంచి కాకటీల్స్, బడ్జీలు, లవ్‌బర్డ్స్ పెంచుతున్నాను. మీరు రాసినట్టు రాత్రి కొట్టుకునే పక్షులు నా దగ్గరా ఉండేవి. మీ పక్షికి జబ్బేమీ ఉన్నట్టు నాకు అనిపించడం లేదు. దానికి రెండు కష్టాలు ఒకేసారి వచ్చాయి. ఒకటి, నిద్ర సగమే దొరుకుతోంది. రెండు, ఆ సగం నిద్రలో ఏదో భయపెడుతోంది. మొదటిదాన్ని సరిచెయ్యకుండా రెండోది సరికాదు. నిద్ర చాలని పక్షి చిన్న చప్పుడుకే ఎగిరిపడుతుంది.

రాత్రి అలా కొట్టుకోవడాన్ని పెంపకందార్లు నైట్ ఫ్రైట్ అంటారు. చిలుక జాతుల్లో ఇది కాకటీల్స్‌లోనే బాగా ఎక్కువ. పసుపు కలిసిన తెల్లరంగు లుటినోల్లో ఇంకా ఎక్కువని పెంచేవాళ్ళందరూ చెప్పే మాట, నా అనుభవమూ అదే. ఎందుకంటే ఇది ఆస్ట్రేలియా మైదానాల పక్షి. అక్కడ గుంపుగా చెట్లమీద పడుకుంటాయి. పాము కదిలినా, గుడ్లగూబ వచ్చినా ముందు ఏది చూసినా సరే, ఒకటి లేస్తే అన్నీ లేచి ఆకాశంలోకి దూకుతాయి. ఆలోచించి ఎగిరినవి మిగలవు, ఎగిరాక ఆలోచించినవే మిగిలాయి. ఆ గుణం మీ హాల్లో పెరిగిన పక్షిపిల్లలో కూడా ఉంది. కాకపోతే ఆకాశం బదులు ఊచలున్నాయి. కళ్ళు కనపడని చీకట్లో ఎగరబోయి ఊచకి తగిలి, ఆ దెబ్బకి ఇంకా భయపడి మళ్ళీ ఎగురుతుంది. దుప్పటి మందం పెంచినకొద్దీ గోల పెరిగిందని రాశారు చూడండి, కారణం ఇదే. లోపల చిమ్మచీకటి అయిపోయింది. అది ఎక్కడుందో, కర్ర ఎటుందో దానికి తెలియడం లేదు.

దానికి చీకటి కావాలి, కానీ తనకి తెలిసిన చీకటి కావాలి. నేను కింద చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే.

నిద్ర లెక్క చూద్దాం. చిలుకలకి రోజుకి 10 నుంచి 12 గంటల ప్రశాంతమైన చీకటి కావాలి. మీ ఇంట్లో 11కి కప్పి, 5:30కి ఇల్లు లేస్తే దొరికేది ఆరున్నర గంటలు. మన గోదావరి జిల్లాల్లో బయట ఎలా ఉంటుందో గమనించండి. దేశం మొత్తానికి టైము నిర్ణయించే 82½ డిగ్రీల రేఖ కాకినాడ దగ్గరగానే పోతుంది కాబట్టి మన గడియారం, మన సూర్యుడు దాదాపు కలిసే నడుస్తాయి. జూన్ చివర్లో సుమారు 5:30కి సూర్యుడొచ్చి 6:35కి కుంకుతాడు. డిసెంబరు చివర్లో 6:25 ప్రాంతంలో వచ్చి 5:35కల్లా వెళ్ళిపోతాడు. అంటే మన రాత్రి ఎండాకాలంలో 11 గంటలు, చలికాలంలో 13 గంటలకి కాస్త తక్కువ. పక్షికి కావాల్సిన లెక్క ఆకాశమే ఇస్తోంది. దాన్ని చెడగొట్టేది మన ట్యూబ్‌లైటు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పక్షికి వెలుగు కళ్ళ ద్వారానే కాదు, పుర్రె గుండా మెదడుకి కూడా తెలుస్తుంది. అందుకే అది కళ్ళు మూసుకుని కూర్చున్నా, హాల్లో లైటు వెలుగుతున్నంతసేపూ దాని ఒంటికి పగలే. పగలు మరీ పొడవైతే ఒళ్ళు దాన్ని గుడ్లు పెట్టే కాలం అనుకుంటుంది. మీది ఆడదైతే ఇంకో రెండు మూడు నెలల్లో జోడీ లేకపోయినా గుడ్లు మొదలుపెట్టొచ్చు. వరసగా పెట్టుకుంటూ పోతే ఒంట్లో కాల్షియం అయిపోయి, గుడ్డు లోపలే ఇరుక్కుని ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి ఆడపక్షికి నేను చేసే మొదటి వైద్యం సాయంత్రం త్వరగా పడుకోబెట్టడమే.

ఇక సాయంత్రం. నేను అన్నిటికంటే ఎక్కువ చెప్పాలనుకునేది ఇదే. బయట పక్షులకి చీకటి ఒక్కసారిగా పడదు. పొద్దు వాలుతుంది, ఎండ ఎర్రబడుతుంది, కొంగలు వరసగా గూళ్ళకి పోతాయి, చింతచెట్టులో పిట్టలన్నీ చోటు కోసం కాసేపు కొట్లాడుకుని సద్దుమణుగుతాయి. అరగంట, ముప్పావుగంట పట్టే పని అది. మన ఇంట్లో మాత్రం 10:59కి మిట్టమధ్యాహ్నం, 11కి అర్ధరాత్రి. స్విచ్ టక్కున ఆగేసరికి పక్షి ఎక్కడ కూర్చుంటే అక్కడే చిక్కుకుపోతుంది. ఒక్కోసారి నీళ్ళ గిన్నె అంచు మీద, ఒక్కోసారి ఊచలు పట్టుకుని. అక్కడే కునుకు తీస్తూ జారుతుంది, జారి ఉలిక్కిపడుతుంది.

మా ఇంట్లో పెద్దది, బూడిదరంగుది, దాని సాయంత్రం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటే. వెలుగు తగ్గడం మొదలవగానే గింజల గిన్నె దగ్గరికి వెళ్ళి గబగబా నాలుగు తింటుంది. రెండు గుక్కలు నీళ్ళు తాగుతుంది. ముక్కుతో ఊచ పట్టుకుంటూ పై కర్రకి ఎక్కుతుంది. ఒళ్ళంతా ఒక్కసారి విదిలించుకుంటుంది. తర్వాత బుగ్గల మీది నారింజరంగు ఈకలు ఉబ్బి ముక్కుని సగం కప్పేస్తాయి. అప్పుడు వినపడుతుంది, గరగర, గరగర అని చిన్న చప్పుడు. ముక్కు పై భాగం, కింది భాగం రాసుకుంటుందన్నమాట. మొదట్లో వినేవాళ్ళు జబ్బేమో అని కంగారుపడతారు. అది నెమ్మదించిన పక్షి చేసే చప్పుడు, చెవికి అందితే సంతోషించండి. ఒక కాలు పొట్ట ఈకల్లోకి ముడుచుకుంటుంది. కంటి కింది రెప్ప పైకి లేస్తుంది, మనకిలా పై రెప్ప కిందికి రాదు. చివరికి తల వెనక్కి తిప్పి వీపు ఈకల్లో దాచుకుంటుంది. ఇదంతా అరగంట. ఈ అరగంట ఇచ్చామంటే సగం పని అయిపోయినట్టే.

మీ ఇంట్లో దీన్ని ఇలా అమర్చుకోవచ్చు. పిల్లాడి చదువు ఆపలేం, పదో తరగతి. పంజరాన్నే హాల్లోంచి తీసెయ్యాలి. పగలు పెద్ద పంజరం హాల్లోనే ఉంచుకోండి, రాత్రికి ఒక చిన్న పంజరం వేరే గదిలో పెట్టండి. అందులో బొమ్మలు, ఊయలలు ఏమీ వద్దు. ఒక కర్ర, నీళ్ళు, కొద్దిగా గింజలు, అంతే. రాత్రి భయపడినా తగలడానికి ఏమీ ఉండకూడదు. సాయంత్రం 6 అయ్యేసరికి హాల్లో ఉండగానే కొర్రలో సజ్జలో కొంచెం పెట్టండి, కడుపు నిండిన పక్షి నెమ్మదిగా పడుకుంటుంది. 6:30కి చిన్న పంజరంలోకి మార్చి, ఆ గదిలో పెద్ద లైటు వెయ్యకుండా కిటికీ వెలుగుతోనే వదిలెయ్యండి. బయట చీకటి పడుతుంటే లోపలా దానంతట అదే పడుతుంది. 7కి గుడ్డ వెయ్యండి. పొద్దున్న 6కి తియ్యండి. మొదటి నాలుగు రోజులు కొత్త చోటని అరుస్తుంది. అరిచిన ప్రతిసారీ వెళ్ళి లైటు వేస్తే అరిస్తే లైటొస్తుందని నేర్చుకుంటుంది. తలుపు బయట నుంచే మెల్లగా పేరు పెట్టి పిలవండి, చాలు. రోజూ ఒకే మాట చెప్పి తలుపు వెయ్యండి. మా ఇంట్లో అందరూ "బజ్జో తల్లీ" అంటారు, ఆ మాట వినగానే అవి పై కర్ర ఎక్కుతాయి.

వేరే గది లేకపోతే హాల్లోనే టీవీకి దూరంగా, రెండు గోడలు కలిసే మూలకి చేర్చి, పిల్లాడికి టేబుల్ ల్యాంపు అటువైపు తిప్పిపెట్టండి. రెండు వైపులా గోడ ఉంటే పక్షికి వీపు కాచినట్టుంటుంది. టీవీ చప్పుడు కంటే ఆ తెర వెలుగు మారుతూ ఉండడమే ఎక్కువ చెరుపు.

గుడ్డ విషయం. దుప్పటి వద్దు. టర్కీ టవల్ అసలే వద్దు, ఆ పోగుల ఉచ్చుల్లో గోరు చిక్కుకుని రాత్రంతా వేలాడిన పక్షిని నేను చూశాను. పాత నేత చీర మడత అన్నిటికంటే మంచిది, గాలి ఆడుతుంది. మూడు వైపులా కప్పి, గోడ లేని ముందు వైపు సగం వదిలెయ్యండి. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో మన ఉక్క తెలుసుగా, అప్పుడు ఒక్క వెనక వైపే కప్పినా చాలు. రాత్రిపూట నోరు తెరిచి ఎగపోస్తూ, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టుకుందంటే దానికి వేడి తగిలిందని. వెంటనే గుడ్డ తీసి గాలి ఆడే చోటికి మార్చాలి. ఫ్యాను గదిలో తిరగొచ్చు కానీ గాలి నేరుగా పంజరానికి కొట్టకూడదు.

కాకటీల్‌కి గుడ్డతోపాటు చిన్న దీపం కూడా ఉండాలి. మనం బెడ్‌లైటని, జీరో బల్బని అనేది, ఎర్రటిదో పసుపుదో, పంజరానికి ఆరేడు అడుగుల దూరంలో గోడకి కింద పెట్టండి. పక్షి కళ్ళు తెరిస్తే కర్ర, ఊచలు గీతల్లా కనపడాలి, అంతకుమించి వెలుగు వద్దు. చాలా ఇళ్ళలో ఈ ఒక్క బల్బుతోనే సగం రాత్రులు నెమ్మదించాయి.

కానీ ఇక్కడే మన ఊళ్ళకి ఒక చిక్కుంది. ఇది నేను రెండు నెలలు తిప్పలు పడి తెలుసుకున్నాను కాబట్టి వివరంగా చెప్తాను.

కొన్నేళ్ళ కిందట మా లుటినో ఒకటి, సరిగ్గా మీ పక్షిలాగే, వారంలో రెండు మూడు రాత్రులు కొట్టుకునేది. బెడ్‌లైటు ఉంది, గుడ్డ సరిగానే వేస్తున్నాను, ఏడింటికే పడుకోబెడుతున్నాను. ఎందుకో అర్థం కాలేదు. చివరికి గోడ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో, కొట్టుకున్న ప్రతి రాత్రి టైము రాయడం మొదలుపెట్టాను. మూడు వారాలకి ఒక సంగతి బయటపడింది. కొట్టుకున్న రాత్రులన్నీ కరెంటు పోయిన రాత్రులే. మా ఇంటికి రెండు గట్ల అవతల రొయ్యల చెరువులు. రాత్రి ముదిరేకొద్దీ చెరువులో ఆక్సిజన్ తగ్గుతుంది, తెల్లవారుజామున మరీ తక్కువ. అందుకని రైతులు రాత్రంతా ఏరేటర్లు, అదే నీళ్ళు చిలికి గాలి కలిపే యంత్రాలు, తిప్పుతారు. ఆ హోరు రోజూ ఉండేదే, పక్షికి అలవాటైపోయింది, జోలపాటలా పడుకునేది. కరెంటు పోగానే ఆ హోరు ఆగిపోతుంది, మా ఫ్యాను ఆగిపోతుంది, బెడ్‌లైటు ఆరిపోతుంది. ఒక్క క్షణంలో చిమ్మచీకటి, నిశ్శబ్దం. రెండు నిమిషాలకి రొయ్యలు చచ్చిపోతాయని రైతు పరుగున వచ్చి డీజిల్ జనరేటర్ స్టార్ట్ చేస్తాడు. ధడధడమని ఆ చప్పుడు. ఆయన తప్పేముంది, ఆయన ప్రాణమంతా ఆ చెరువులోనే ఉంది. కానీ మా పక్షికి కన్ను కనపడని చీకట్లో ఆ ధడధడ వినపడేది.

అంతటితో అయిపోలేదు. కరెంటు మళ్ళీ వచ్చినప్పుడు, రాత్రి ఎవరో స్విచ్ ఆపడం మరిచిన ట్యూబ్‌లైటు టపటపా కొట్టుకుని భళ్ళున వెలిగేది. దాంతో రెండోసారి.

చేసిన పనులు చిన్నవే. బెడ్‌లైటుని ఇన్వర్టర్ లైనుకి మార్చాను. ఇన్వర్టర్ లేనివాళ్ళు ఛార్జింగ్ పెట్టుకునే చిన్న లైటు, కరెంటు పోగానే దానంతట అదే వెలిగేది పెట్టుకోవచ్చు. పడుకునేముందు ఆ గదిలో మిగతా స్విచ్‌లన్నీ ఆపి ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూసేవాళ్ళం. పంజరాన్ని చెరువుల వైపు గదిలోంచి వీధి వైపు లోపలి గదికి మార్చాం, మధ్యలో రెండు గోడలొచ్చాయి. ఆ నెలలో ఒక్కసారే కొట్టుకుంది, పై నెలలో అసలు లేదు. అందుకే చెల్లెమ్మా, మీరు రొయ్యల చెరువులన్న మాట రాయగానే నాకు ముందు ఇదే తట్టింది. ఒంటిగంట, రెండు గంటలంటున్నారు కదా, ఆ రాత్రి కరెంటు పోయిందేమో చూడండి.

అది కాకపోతే ఏదైనా ప్రాణి వస్తోందేమో చూడాలి. సార్వా కోతలయ్యాక చేలల్లో ఎలకలు ఇళ్ళమీద పడతాయి. పంజరం కింద రాలిన గింజలు వాటికి పండగ. ఎలకని తరుముతూ జెర్రిపోతో, త్రాచో వస్తుంది. పిల్లి కిటికీ ఎక్కి ఊరికే చూస్తూ కూర్చున్నా చాలు, పక్షి గుండె ఆగినంత పనవుతుంది. పడుకోబెట్టే ముందు ట్రే తీసి గింజలు, పొట్టు ఊడ్చెయ్యండి. పంజరం నేలమీద, అరుగుమీద పెట్టకండి, మనిషి ఛాతీ ఎత్తున స్టాండు మీద పెట్టి, స్టాండు కాళ్ళ కింద చీమలు ఎక్కకుండా నీళ్ళ గిన్నెలు పెట్టండి. ఊచల మధ్య చిన్న పాము దూరే సందుంటే సన్నటి జాలీ చుట్టించండి. బెడ్‌లైటు పంజరానికి ఆనించి పెడితే పురుగులొస్తాయి, పురుగుల కోసం బల్లులొస్తాయి, బల్లి నీడ గోడమీద మొసలంత పడుతుంది. దూరంగా కింద పెట్టమన్నది అందుకు కూడా.

దోమల గురించి ఒక బాధ చెప్పుకోవాలి. మొదట్లో, నాకేమీ తెలియని రోజుల్లో, ఒక లవ్‌బర్డ్స్ జంట ఉండేది. వరండాలో దోమలు వాటిని పీకుతున్నాయని స్టాండు కింద దోమల చక్రం వెలిగించాను. పొద్దున్నకి ఒకటి కింద పడి ఉంది. రెండోది తోక ఊపుతూ, నోరు తెరిచి ఊపిరి లాగుతోంది. సాయంత్రానికి అదీ పోయింది. పక్షి ఊపిరితిత్తులు మనలాంటివి కావు. ఊపిరితిత్తులకి ముందూ వెనకా గాలి సంచులుంటాయి, లోపలికి పీల్చిన గాలి ప్రతి మూలకీ వెళ్తుంది. మనకి కాస్త గొంతు గరగరలాడించే పొగ దానికి విషం. కాబట్టి దోమల చక్రం, ప్లగ్గులో పెట్టే ద్రవం, వేపాకు పొగ, సాంబ్రాణి, అగరొత్తి, అలమరాలో వేసే కలరా ఉండలు, ఏవీ పక్షి పడుకునే గదిలో ఉండకూడదు. మనం దీపం పెట్టి అగరొత్తి వెలిగించే వేళా, పక్షి పడుకునే వేళా ఒకటే కాబట్టి ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. పక్షి గది దేవుడి గది పక్కన వద్దు, వంటగది పక్కన కూడా వద్దు. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మాడితే వచ్చే ఆవిరి నిమిషాల్లో పక్షిని చంపుతుంది.

మరి దోమలు? దోమతెర. దోమలు పక్షులకి మసూచి అంటిస్తాయి, కళ్ళ చుట్టూ, కాళ్ళ మీద బుడిపెలొస్తాయి. కాబట్టి తెర అవసరమే. దర్జీ దగ్గర పంజరానికి ఆరంగుళాలు పెద్దగా సంచిలా కుట్టించండి. ఊచలకి ఆనకుండా పైన రెండు కర్రలు అడ్డంగా పెట్టి వెయ్యండి, ఆనితే ముక్కుతో కొరికి పోగులు మింగుతుంది. మా ఇంట్లో ఏడాదంతా ఇదే. కిటికీలకి జాలీ ఉంటే ఇంకా నిశ్చింత.

కర్ర గురించి రెండు మాటలు. నున్నటి ప్లాస్టిక్ కర్ర తీసెయ్యండి. మన జామకొమ్మ బంగారం లాంటిది, వేపకొమ్మా మంచిదే. బొటనవేలంత లావు, అక్కడక్కడా వంకరలుంటే ఇంకా మంచిది. కడిగి ఎండబెట్టి పంజరంలో అన్నిటికంటే పైన కట్టండి, పక్షి ఎత్తులోనే పడుకుంటుంది. గన్నేరు కొమ్మ ముట్టుకోవద్దు, అది విషం. షాపుల్లో దూదిలా మెత్తటి గుడిసెలు అమ్ముతారు, పడుకోవడానికని. కొనకండి. కాకటీల్‌కి పడుకోవడానికి గూడు అక్కర్లేదు, గూడు కనపడితే గుడ్ల మీదికి మనసు పోతుంది, పోగులు మింగితే కడుపులో ఉండ కడతాయి.

పండగ రోజులు ముందే చూసుకోవాలి. దీపావళి రాత్రి లోపలి గదిలో తలుపులేసి, ఫ్యాను హోరు పెట్టి, ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి. మా ఇంట్లో ఆ రాత్రి నా వంతే. సంక్రాంతి మూడు రోజులు మైకులు, కోడిపందాలు, కనుమనాడు మా వైపు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పోయే జనం, ఆ సందడి ఆపేదీ కాదు, ఆపాలని అనుకునేదీ కాదు. ఆ మూడు రోజులూ పగలు మధ్యాహ్నం 1 నుంచి 3 దాకా గుడ్డ వేసి కునుకు తియ్యనివ్వండి. ధనుర్మాసంలో తెల్లవారకుండానే గుడి మైకు మోగుతుంది, పక్షి అప్పుడే లేచిపోతుంది. అదృష్టం కొద్దీ ఆ నెలలో పొద్దు కూడా ఐదున్నరకే కుంకుతుంది. కాబట్టి ఆ నెలంతా గంట ముందే పడుకోబెడితే లెక్క సరిపోతుంది. తుఫాను రోజుల్లో కిరోసిన్ దీపం పక్షి గదిలో పెట్టకండి, దాని పొగా పొగే.

మళ్ళీ ఈ రాత్రే కొట్టుకుంటే ఏం చెయ్యాలో కూడా చెప్తాను. పెద్ద లైటు వెయ్యకండి, టార్చి మొహం మీద కొట్టకండి. బెడ్‌లైటు వెలుగులోనే, పంజరానికి ఒక గజం దూరంలో నిలబడి రోజూ పిలిచే పేరుతో మెల్లగా పిలవండి. చెయ్యి లోపల పెట్టకండి, ఆ క్షణంలో మీ చెయ్యి కూడా దానికి పామే. రెండు మూడు నిమిషాలకి ఊచ పట్టుకుని ఆగుతుంది, ఎగపోస్తుంటుంది, జుట్టు నిక్కబొడుచుకుని ఉంటుంది. జుట్టు వెనక్కి వాలిందంటే తెలివిలోకి వచ్చిందని. అప్పుడు రెక్కలు, తోక చూడండి. కొత్తగా మొలుస్తున్న ఈక కాడలో రక్తం ఉంటుంది, అది విరిగితే రక్తం బొట్లు బొట్లుగా పడుతుంది. మీరు చూసిన రక్తం అదే అయి ఉంటుంది. మెత్తటి గుడ్డతో పక్షిని పట్టుకుని, ఛాతీ నొక్కకుండా, విరిగిన చోట మొక్కజొన్న పిండి, అదే కార్న్‌ఫ్లోర్, అద్ది రెండు మూడు నిమిషాలు వేలితో ఒత్తిపట్టండి. ఆగుతుంది. ఆగకపోతే, లేదా రెక్క వేలాడిపోతే, తెల్లారేదాకా చూడకుండా డాక్టరుకి ఫోన్ చెయ్యండి. అంత చిన్న ఒంట్లో రక్తం ఎంతో ఉండదు.

నిద్ర తక్కువై కునికేదానికీ, జబ్బుతో కునికేదానికీ తేడా ఉంది. ఆరోగ్యంగా ఉన్నది ఒంటికాలి మీద, ఈకలు సర్దుగా, పిలిస్తే కన్ను తెరుస్తుంది. జబ్బు చేసినది రెండు కాళ్ళూ ఆనించి, బంతిలా ఉబ్బి, ఊపిరికి తోక పైకీ కిందికీ ఊగుతుంది, రెట్ట పలచబడుతుంది, పంజరం అడుగుకి దిగి కూర్చుంటుంది. ఇలా ఉంటే నేను చెప్పినవేవీ మందు కావు, వెంటనే చూపించాలి. పశువుల ఆసుపత్రిలో పక్షుల అలవాటున్న డాక్టరు ఉన్నారేమో ముందే కనుక్కుని నంబరు రాసిపెట్టుకోండి. గన్నవరంలో పశువైద్య కళాశాల కూడా ఉంది, రైలు, బస్సు దారిలోనే.

ఇది చదివేవాళ్ళలో రామచిలుకని పంజరంలో పెట్టినవాళ్ళు కూడా ఉంటారు కాబట్టి ఒక్క మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలుకల్ని పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. గాలికి గూడు నుంచి పడిన పిల్ల దొరికితే అటవీశాఖ వాళ్ళకి అప్పజెప్పండి. సాయంత్రం కొబ్బరితోటల మీదుగా అరుచుకుంటూ గుంపుగా పోయేవాటిని చూస్తే, వాటి నిద్ర ఎక్కడ బాగుంటుందో నేను చెప్పక్కర్లేదు.

చెల్లెమ్మా, ఈ రాత్రికి మీరు చెయ్యాల్సినవి మూడే. దుప్పటి తీసి పాత చీర మూడు వైపులా వెయ్యండి. ఒక బెడ్‌లైటు దూరంగా పెట్టండి. క్యాలెండర్ పక్కన పెన్సిల్ కట్టండి. కొట్టుకున్న ప్రతిసారీ టైము, కరెంటు ఉందా లేదా, బయట ఏం వినపడింది, ఈ మూడూ రాయండి. పంజరం మార్చడం రేపు పగలు, అది చూస్తుండగా చెయ్యండి. పది రోజులయ్యాక ఆ క్యాలెండర్‌లో ఏముందో నాకు రాయండి, మీది ఆడదో మగదో కూడా రాయండి. తెలియకపోతే, బుగ్గ బొట్టు బాగా కనపడేలా పగటి వెలుగులో ఒక ఫొటో, తోక ఈకల కింది వైపు ఒకటి తీసి పెడితే నేను చూసి చెప్తాను.